రెబెకా గదిలో చప్పుడు

రెబెకా ఉద్యోగం పోయిన రోజు కాజీపేటలో పొద్దుటినుంచీ వాన. ఫాతిమానగర్‌లో వాళ్ల ఇంటి ముందు మోరీ పొంగి నీళ్లు మెట్ల దాకా వచ్చాయి. అత్తగారు సారమ్మ చీపురుతో ఆ నీళ్లను వెనక్కి తోస్తూ, మున్సిపాలిటీ వాళ్లను పేరు పేరునా తిడుతోంది. వీధి వైపు గదిలో రెబెకా హెడ్‌సెట్ పెట్టుకుని, లాప్‌టాప్ తెర మీద అరుణ ముఖం చూస్తూ కూర్చుంది. అరుణ హైదరాబాద్ ఆఫీసులో ఆమెకు టీమ్‌లీడ్. ఎన్నడూ వీడియో పెట్టని మనిషి ఆరోజు పెట్టింది.

"నీ పనిలో తప్పేం లేదు రెబెకా. ప్రాజెక్టే పోయింది. డాక్టర్లు చెప్పేదంతా ఇప్పుడు సాఫ్ట్‌వేరే రాసేస్తోందట. తప్పులు దిద్దడానికైనా మనం ఉంటామనుకున్నాం. ఆ దిద్దుడు కూడా ఇక అక్కర్లేదన్నారు."

"సరే మేడమ్."

"నువ్వు ఓకేనా?"

"ఓకే మేడమ్."

అరుణ ఇంకాసేపు ఆగింది. ఏడుస్తుందేమో, ఎదురు ప్రశ్న వేస్తుందేమో అని చూసినట్టుంది. రెబెకాకు ఏమీ అనిపించలేదు. అరుణ వెనక గోడకున్న క్యాలెండర్‌లో నెల మార్చలేదు. అదొక్కటే కంటికి ఆనింది. లాప్‌టాపూ హెడ్‌సెట్టూ కొరియర్‌లో పంపించమని చెప్పి, "నన్ను కూడా ఎన్నాళ్లు ఉంచుతారో తెలీదమ్మా" అని అరుణ వెళ్లిపోయింది.

రెబెకా బయటికి వచ్చింది.

"మీటింగ్ అయిందా బిడ్డా?" అంది సారమ్మ.

"అయింది అత్తమ్మా."

"మరి తిందువురా. పుంటికూర పప్పు చల్లారిపోతాంది."

కూర్చుని తింది. రెండోసారి కూడా వడ్డించుకుంది.

పెళ్లికి ముందు నుంచీ రెబెకాది అదే పని. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక తమ మాటల్లో చెప్పి రికార్డు చేసినదాన్ని చెవుల్లో పెట్టుకుని విని, అక్షరం పొల్లుపోకుండా టైపు చేయడం. ఎక్కడో చలి దేశంలో ఎవరో ముసలాయన మోకాలి నొప్పి కాజీపేటలో ఆమె వేళ్ల మీదుగా కాగితమయ్యేది. రానురాను మణికట్లు లాగడం మొదలైంది. లాప్‌టాప్ మీద కాకుండా విడిగా మంచి కీబోర్డు పెట్టుకోమని తోటి ఉద్యోగులు చెప్పారు. గదిలో ఉన్న ఒక్క బల్ల మీద సగం జాగా సారమ్మ కుట్టుమిషనుది. మిగిలిన సగంలో లాప్‌టాప్ పోగా అరచేతులు రెండు పట్టేంత చోటుంది. అందుకే చిన్నది కొనుక్కుంది. పక్కన అంకెల గడులుండవు. పైన ఉండే అంకెల వరుసా ఉండదు. ప్రతి మీట కిందా స్ప్రింగున్న స్విచ్ విడివిడిగా ఉంటుంది, కావాలంటే ఊడదీసి మార్చుకోవచ్చు.

అది వచ్చిన రోజు భర్త శాంసన్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. లోకో షెడ్‌లో టెక్నీషియన్ అతను. ఇంజన్లు విప్పి బిగించే చేతులు.

"బాణం గుర్తులేవీ? అంకెలేవీ? సగం కీబోర్డు అంటగట్టిన్రా నీకు?"

"ఉన్నయి. ఈ మూల మీట పట్టుకుని నొక్కితే వస్తయి."

"దాసిపెట్టిండ్రన్నట్టు" అని నవ్వాడు.

మొదట్లో అది ప్లాస్టిక్ గిన్నె మీద గోటితో కొట్టినట్టు మోగేది. రెబెకా ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంది. శాంసన్ పనిముట్ల డబ్బాలోంచి సన్న స్క్రూడ్రైవర్ తీసుకుని దాన్ని విప్పింది. ఒక్కో స్విచ్ ఊడదీసి, లోపలి ముక్కకు సన్న కుంచెతో గ్రీజు పలచగా పూసి, మళ్లీ మూసింది. అడుగున మెత్తటి స్పాంజి షీటు కత్తిరించి పరిచింది. బూడిదరంగు మీటలు తీసేసి మామిడిపండు రంగువి పెట్టింది. స్పేస్ మీట ఒకటి మాత్రం ఒకపక్క గలగలమనేది. దాంతో ఎన్ని ఆదివారాలు కుస్తీ పట్టిందో. చివరికి చింతగింజలు గుప్పిట్లో వేసి ఆడించినట్టు గుల్లగా, మెత్తగా చప్పుడు వచ్చిన రోజున పక్కగదిలోంచి సారమ్మే అంది, "ఇప్పుడు బాగుంది బిడ్డా. ముందుగాల చెవుల పొడిచినట్టుండె." ఆరోజు రెబెకాకు కలిగిన సంతోషం ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఆ ఇంట్లో మంచం, బీరువా, కిటికీ పరదాలు అన్నీ ఆమె రాకముందే ఉన్నాయి. తను ఎంచుకుని, తన చెవికి నచ్చేలా చేసుకున్నది అదొక్కటే.

ఉద్యోగం పోయిన సాయంత్రం శాంసన్ రాగానే చెబుదామనుకుంది. అతను షెడ్‌లో ఒక ఇంజన్ పెట్టిన తిప్పలు చెబుతూ అన్నం తిన్నాడు. ఆమె వింటూ కూర్చుంది. ఏడుపు వస్తుంది, వచ్చినప్పుడు ఎట్లాగూ అడుగుతాడు, అప్పుడు చెప్పొచ్చు అనుకుంది. ఏడుపు రాలేదు. మర్నాడు వస్తుందనుకుంది.

మర్నాడు లాప్‌టాప్‌నూ హెడ్‌సెట్‌నూ కూరగాయల సంచిలో పెట్టుకుని కాజీపేట చౌరస్తాలో కొరియర్ దుకాణానికి వెళ్లింది. వచ్చేటప్పుడు కొత్తిమీర కొంది. ఇంటికి వచ్చి, పని మొదలయ్యే వేళకు అలవాటుగా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

బల్ల మీద ఒక వైపు కుట్టుమిషను, ఒక వైపు కీబోర్డు. దాని వెనక నుంచి నల్లటి అల్లిక తీగ బల్ల దిగి కిందికి వేలాడుతోంది.

అప్పుడే బయట టీవీ చప్పుడు తగ్గింది. కోడలు తలుపు వేసుకోగానే సారమ్మ రోజూ సౌండ్ తగ్గిస్తుంది. తను చూసే సీరియల్‌ని మాటలు వినబడీ వినబడకుండా, పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుంటుంది. రెబెకా కాసేపు ఊరికే నిలబడింది. తన కోసం ఒక ముసలావిడ టీవీ నోరు నొక్కేసుకుని కూర్చుంటే తను ఇక్కడ ఊరికే నిలబడడం బాగోలేదనిపించింది. కుర్చీ లాక్కుని కీబోర్డు మీద చేతులు పెట్టి కొట్టడం మొదలుపెట్టింది.

అది మొదలు. ఆ తర్వాత రోజూ అంతే.

ఏం కొట్టేదంటే, చెవిన పడిందల్లా కొట్టేది. గాలి ఇటు తిరిగితే స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్లు ముక్కలు ముక్కలుగా వినిపించేవి. బల్హార్షా వైపు పోయే బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో కొట్టేది. వీధిలో తోపుడుబండి వాడు టమాట, బెండ అని అరిస్తే అవి కొట్టేది. కుక్కర్ కూత వేస్తే దాన్నెలా రాయాలో తెలియక ఆగి, మళ్లీ కొట్టేది. ఏమీ వినబడనప్పుడు పాత డాక్టర్ల మాటలు వేళ్లలోంచి వాటంతటవే వచ్చేవి. ఆ అక్షరాలు ఎక్కడికీ పోయేవి కావు. తీగ చివర ఏమీ లేదు.

చేతులు నొప్పెడితే మీటలన్నీ పీకి గిన్నెలో సబ్బునీళ్లలో కడిగి, తువ్వాలు మీద ఆరబెట్టి, మళ్లీ ఒక్కొక్కటే పెట్టేది. మురికి లేకపోయినా కడిగేది. బాగానే ఉన్న స్విచ్‌లు విప్పి మళ్లీ గ్రీజు పూసేది. ఎక్కువై మీటలు బంకగా, మొద్దుగా దిగడం మొదలైతే, ఆ గ్రీజంతా తుడిచి మళ్లీ మొదటి నుంచి పూసేది. చప్పుడు బాగుపడిందా చెడిందా అని వినేది కాదు. పని ఉండాలి, అంతే.

ఒకరోజు రొట్టెలు చేస్తుంటే పెనం అంచు తగిలి చూపుడువేలు కాలింది. సారమ్మ "అయ్యో, బొబ్బ!" అనేదాకా ఆమె చూసుకోలేదు. సారమ్మ టూత్‌పేస్ట్ తెచ్చి రాసింది. ఆ మధ్యాహ్నం ఆ వేలితోనే టైపు చేసింది. పేస్టు మీటల మీద తెల్లగా అంటుకుంది. అది మర్నాడు కడగడానికి పనికొచ్చింది.

ఆదివారం చర్చిలో స్వప్నక్క పక్కన కూర్చుంది. స్వప్నక్క హన్మకొండలో ఒక కంటి దవాఖానలో నర్సు. ప్రార్థన అయి బయటికి వస్తూ, "నీకేంది రెబెకా, ఇంట్ల కూసునే ఉద్యోగం. మా లెక్క బస్సులెంబడి ఉరుకుడు లేదు" అంది.

"అవునక్కా" అంది రెబెకా.

అబద్ధం చెప్పానన్న జంకు కూడా కలగలేదు. చెప్పులు వెతుక్కుని వేసుకుంది.

సంగతి బయటపడింది ఒక మధ్యాహ్నం. శాంసన్ పొద్దుటి షిఫ్టు దిగి వచ్చాడు. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. షెడ్ నుంచి ఎవరో ఫోన్ చేస్తామన్నారట, హడావిడిగా ఉన్నాడు. తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు.

"రెబెకా, జర చార్జర్ వైరియ్యి. నాది షెడ్‌ల మర్సిపోయిన."

ఆమె తల ఎత్తే లోపే కీబోర్డు వెనక నల్ల తీగ కనిపించి, "గిది సరిపోతది, ఒక్క నిమిషం" అంటూ దాన్ని ఊడబీకాడు. రెండో కొస ఎక్కడో లాప్‌టాప్‌కు తగులుకుని ఉంటుందని కొంచెం గట్టిగా లాగాడు. అది బల్ల కింద నుంచి సునాయాసంగా వచ్చేసింది. కొసకు దూదిపింజెలాంటి దుమ్ము. తీగ రెండు కొసలూ అతని చేతిలో ఉన్నాయి. రెబెకా ఇంకా కొడుతూనే ఉంది.

ఆమెకు ఆపాలని తెలుసు. వేళ్లు ఆ మాట పూర్తి చేసి ఆగాయి.

శాంసన్ బల్ల వైపు చూశాడు. బల్ల కిందికి చూశాడు. "లాప్‌టాప్ ఏది?"

"పంపిన."

"ఎక్కడికి?"

"ఆఫీసుకు. వాళ్లదే కద."

"ఎప్పుడు?"

"పెద్దవాన పడి మోరీ పొంగలే? అప్పుడు. పని పోయింది."

అతను మంచం అంచున కూర్చున్నాడు. వెనక పట్టాల మీద గూడ్సు బండి ఒకటి పోతోంది. పొడుగు బండి. అది అయిపోయేదాకా తీగ కొసకున్న దుమ్మును గోటితో గీకాడు.

"నాకెందుకు చెప్పలే?"

"ఏడుపొస్తదనుకున్న. వచ్చినంక చెప్దామని. అది రాలే."

"ఏడుపొస్తెనే చెప్పాల్నా?"

"మరి ఉట్టిగ ఎట్ల చెప్పాలె? అన్నం అయింది, తిందువురా అన్నట్టు, పని పోయింది అని చెప్పాల్నా? నువ్వు నా మొకం చూస్తవ్. మొకంల ఏం లేదు. నమ్ముతవా?"

అతనికి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "మరి రోజూ తలుపేసుకుని ఏం చేస్తానవ్?"

"కొడుతాన."

"ఎవలకు?"

రెబెకా తలుపు వైపు చూసింది. "అత్తమ్మ నా కోసం టీవీ తక్కువ చేస్తది కద" అంది.

సారమ్మ అప్పటికే గుమ్మంలో ఉంది. మాటలు విని వచ్చినట్టు లేదు. శాంసన్ కోసం అన్నం గిన్నె పట్టుకుని పిలవడానికి వచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసి గిన్నె కుట్టుమిషను మీద పెట్టింది.

"నాకెరికే" అంది.

"ఏం ఎరికే?" అన్నాడు శాంసన్.

"దాని కొలువు పోయిన సంగతి. ముందుగాల అది కొట్టేది, ఆగేది. చెవులల్ల వాడెవడో చెప్పేది ఇనేది, మల్ల కొట్టేది. ఇప్పుడు ఆగుడే లేదు. ఇనుడు లేనిది కొట్టుడేంది? ఒకనాడు చాయ్ ఇద్దామని తలుపు తీసిన. చెవులకు ఆ డబ్బాలు లెవ్వు. అది నా దిక్కు చూడనన్న చూడలే. మల్ల ఏసి పోయిన."

"మరి నాకెందుకు చెప్పలేదే అమ్మా?"

"దాని మాట అది చెప్పాలె. నేనెవ్వతిని?"

శాంసన్ తల పట్టుకున్నాడు. "ఎరికైనంక కూడ టీవీ సౌండ్ ఎందుకు తక్కువ పెట్టినవే మరి?"

సారమ్మ కొంగుతో మిషను మీద లేని దుమ్ము తుడిచింది. "లోపలి చప్పుడు నాకినబడాలె కద. అది కొడుతాంటె ఫికర్ లేదు. ఆగిందనుకో, ఉరికొచ్చి చూద్దునని" అంది.

రెబెకా ఆ మాట విన్నది. ఇది ఎవరైనా ఏడ్చే మాట అని ఆమెకు తెలుసు. దాన్ని తనలో తాను ఇంకోసారి అనుకుంది కూడా. కళ్లు పొడిగానే ఉన్నాయి. లేచి, గిన్నె తీసుకుని, "రా, అన్నం తిను" అంది శాంసన్‌తో. ముగ్గురూ వెళ్లి కూర్చుని తిన్నారు. ఆ పూట సారమ్మ టీవీ పెట్టనే లేదు.

శాంసన్ సాయంత్రం బజారుకు పోయి ఒక చిన్న ముక్క కొనుక్కొచ్చాడు. ఆ ముక్క ఫోన్‌కు పెడితే దానికి కీబోర్డు తగిలించుకోవచ్చు. చెడిపోయింది ఏదైనా కళ్లముందుంటే అతను కుదురుగా ఉండలేడు. ఇది చెడిపోలేదని ఆమెకు తెలుసు, చెప్పలేదు. కీబోర్డు ఒళ్లో పెట్టుకుని, తీగ బిగించి, "చూడు, పనిచేస్తాంది" అన్నాడు. తన పేరు కొడదామని ఒక్క వేలితో మీటలు వెతుక్కుంటూ, పొరపాటున మూల మీటతో కలిపి ఇంకోటి నొక్కాడు. ఫోన్ తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం మొత్తం ఒక్కసారే పడింది.

"అరె, గిదేంది? నేనేం కొట్టలే!"

"అది నేను దాంట్ల పెట్టుకున్న. మాటిమాటికి కొట్టాల్సి వచ్చేది కద. రోజుకు ఎంతమందికో అదే రాసేది. అందుకే ఒక్క మీటకు పెట్టుకున్న."

"ఏమని?"

"నొప్పి ఏం లేదని రోగి చెప్తాండు అని."

శాంసన్ ఆ వాక్యాన్ని కాసేపు చూశాడు. "దీన్ని తుడుపుడెట్ల?" అని అడిగాడు. ఏ మీటో చూపించింది. అతను దాన్ని నొక్కి పట్టుకుని, వాక్యం చివర నుంచి మొదటి దాకా ఒక్కో అక్షరం పోతుంటే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తన పేరు కొట్టాడు. తల్లి పేరు కొట్టాడు. ఆ పేరులో ఒక అక్షరం తప్పు పడింది. రెబెకా వేలు పెట్టి దిద్దింది.

ఆ తర్వాత ఆమెకు పని కోసం ఇద్దరూ కొన్ని చోట్ల అడిగారు. కబురు చేస్తామన్నారు. ఎవరూ చేయలేదు. ఈసారి చర్చిలో స్వప్నక్క అడిగినప్పుడు, రెబెకా పొడిపొడిగానే, ఉన్నదున్నట్టు చెప్పింది. స్వప్నక్క నోరెళ్లబెట్టి, "ఇన్నొద్దులు కడుపుల పెట్టుకున్నవా?" అంది. కడుపులోనూ ఏమీ లేదని రెబెకా అనలేదు. వారం తిరగకముందే స్వప్నక్క తన దవాఖానలో ఓపీ చీటీలు రాసే కౌంటర్ ఖాళీ అయిందని చెప్పింది. రెబెకా వెళ్లి చేరింది.

అక్కడి కీబోర్డు పెద్దది, పాతది. అక్షరాలు సగం అరిగిపోయాయి, సందుల్లో బిస్కట్ పొడి. మీటలు గట్టిగా నొక్కితేగానీ పడవు. ఇంట్లోది తెచ్చుకోరాదూ అన్నాడు శాంసన్. ఆమె వద్దంది. బెంగగానూ లేదు, కోపంగానూ లేదు. ఇంట్లోదాన్ని సారమ్మ మిషనుతో పాటు ఒకే గుడ్డ కప్పి ఉంచింది. పొద్దున్నే కాజీపేటలో బస్సెక్కడం, చీటీలు రాయడం, సాయంత్రం బస్సు దిగడం. రోజులు వాటంతటవి పోతున్నాయి.

ఒకరోజు కౌంటర్ దగ్గర పెద్ద లైను. ఒక ముసలావిడ వంతు వచ్చింది. పచ్చటి చీర, చేతిలో ప్లాస్టిక్ సంచి, వెంట ఎవరూ లేరు. కౌంటర్ గట్టును చేత్తో తడిమి పట్టుకుని నిలబడింది.

"పేరు చెప్పమ్మా."

"యాకమ్మ."

"ఏ ఊరు?"

"వర్ధన్నపేట పక్కపొంటి."

"వయసు ఎంత?"

యాకమ్మ ముఖం ముందుకు చాపింది. "నాకే కండ్లు కనబడక ఇక్కడికొస్తి. నీకు కనబడుతయి కద? చూసి నువ్వే చెప్పు ఎంతుంటదో."

రెబెకా చూసింది. నిజంగానే చూసింది. ముక్కుపుడక, బుగ్గల మీద ముడతలు, తెల్లపొర కమ్మిన నల్లగుడ్లు, తీర్పు కోసం కదలకుండా నిలబెట్టిన ముఖం.

"డెబ్బై ఉంటయా?"

"ఓ యమ్మో! గంతనా? జర మంచిగ చూడు బిడ్డా! నీకు కూడ ఆపరేషన్ చెయ్యాల్నేమో!"

వెనక లైను గొల్లుమంది. రెబెకా నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అది తన నవ్వేనని తెలియడానికి ఆమెకు క్షణం పట్టింది. ఆపుకుందామంటే ఇంకా వచ్చింది. పక్క కౌంటర్ అమ్మాయి తిరిగి చూసింది.

"అరవై అయిదు రాయనా?"

"ఆ, గదీ!" అని యాకమ్మ కొంగు సర్దుకుని, చీటీ అందుకుని, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లింది.

ఆ సాయంత్రం రెబెకా బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి సారమ్మ గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. రెబెకా సంచి కింద పెట్టి, ముఖమైనా కడుక్కోకుండా ఆమె పక్కన కూర్చుంది.

"అత్తమ్మా, ఇయ్యాల ఒక ముసలామె వచ్చింది దవాఖానకు. నీ అసొంటిదే."

"ఏం జేసింది?"

రెబెకా గుప్పెడు చిక్కుడుకాయలు ముందుకు లాక్కుని చెప్పడం మొదలుపెట్టింది.